లింఫోమాకు కీమో మొదలైందా? రోజులు లెక్కపెట్టుకుంటూ ఇలా గట్టెక్కండి

కీమో తారీఖు ఖాయమయ్యాక నాకు ఫోన్ చేసేవాళ్ళందరూ దాదాపు ఒకే మాట అడుగుతారు. "మందు ఎక్కించుకుని ఇంటికి వచ్చాక ఏం చేయాలండీ?" ఆసుపత్రిలో ఉన్నంతసేపు నర్సులు, డాక్టర్లు చుట్టూ ఉంటారు. అసలు టెన్షన్ ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక మొదలవుతుంది. లింఫోమా అంటే లింఫోసైట్లు అనే తెల్లకణాలకు వచ్చే కాన్సర్. దానికి నేను ఆర్-చాప్ అనే మందుల కలయికను ఆరు సైకిళ్ళు, అంటే ఆరు విడతలు, తీసుకున్నాను. మొదటి సైకిల్ మొత్తం భయంతోనే గడిచింది. రెండో సైకిల్ నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఏ రోజు ఏం జరుగుతోందో రాయడం మొదలుపెట్టాను. బాధలు తగ్గలేదు కానీ అవి ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో తెలిసింది. సగం ధైర్యం అక్కడే వచ్చింది.

అందుకే ఇందులో అన్నీ రోజుల లెక్కన చెబుతున్నాను. మందు ఎక్కించిన రోజు 1వ రోజు. అక్కడి నుంచి లెక్క. మీ డాక్టరు చెప్పింది దీనికి భిన్నంగా ఉంటే వాళ్ళ మాటే వినండి. మీ రిపోర్టులు వాళ్ళ దగ్గరున్నాయి, నా దగ్గర లేవు.

మీరు ఏ మందులు తీసుకుంటున్నారో ముందు తెలుసుకోండి

నాన్-హాడ్జ్కిన్ లింఫోమాలో, ముఖ్యంగా పెద్ద బి-కణాల రకంలో, ఎక్కువగా ఇచ్చేది ఆర్-చాప్. అంటే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, వీటితో పాటు 5 రోజులు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు. సాధారణంగా 21 రోజులకు ఒకసారి ఇస్తారు. హాడ్జ్కిన్ లింఫోమాలో చాలామందికి ఇచ్చేది ఏబీవీడీ: డాక్సోరుబిసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజిన్. దీన్ని రెండు వారాలకోసారి ఎక్కిస్తారు, రెండుసార్లు కలిపితే ఒక సైకిల్. మీది వేరే పద్ధతి అయినా సరే, మందుల పేర్లు ఒక కాగితం మీద రాయించుకోండి. ఏ ఇబ్బంది ఏ మందు వల్ల వస్తోందో తెలిస్తే డాక్టరుతో మాట్లాడటం తేలికవుతుంది.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్తాను. కీమో మందులు వేగంగా పెరిగే కణాల మీద పడతాయి. లింఫోమా కణాలతో పాటు నోటి లోపలి పొర, వెంట్రుకల కుదుళ్ళు, ఎముక మజ్జ కూడా వేగంగా పెరిగేవే. నోటి పూత, జుట్టు రాలడం, కౌంట్ (రక్త కణాల సంఖ్య) పడిపోవడం అందుకే.

దగ్గర ఉండాల్సినవి

- డిజిటల్ థర్మామీటరు. వీలైతే రెండు, ఒకటి పనిచేయకపోయినా ఇబ్బంది లేకుండా.
- ఒక నోట్‌బుక్, పెన్ను.
- ఆసుపత్రి వాళ్ళ 24 గంటల నంబరు. మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లో అందరి ఫోన్‌లలోనూ ఉండాలి.
- వాంతుల మాత్రలు, విరేచనం సాఫీగా అయ్యే మందు. ఇవి అవసరం వచ్చాక కొనేవి కావు, మొదటి రోజుకే ఇంట్లో ఉండాలి.
- చాలా మెత్తటి టూత్ బ్రష్, వంట సోడా, ఉప్పు.
- పారేయడానికి వీలైన చేతి తొడుగులు.
- ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే ఒక సంచిలో రిపోర్టుల కాపీలు, మందుల చీటీ, ఒక జత బట్టలు.

1. మొదటి కీమోకు ముందే ఈ మాటలు అడిగేయండి

హెపటైటిస్-బి పరీక్ష అయిందా? రిటుక్సిమాబ్ తీసుకునేవాళ్ళకు ఇది తప్పనిసరి. ఒంట్లో ఎప్పటిదో వైరస్ నిద్రాణంగా ఉంటే ఈ మందు దాన్ని మళ్ళీ లేపగలదు. మామూలుగా చేసే ఉపరితల యాంటిజెన్ పరీక్షతో పాటు కోర్ యాంటీబాడీ పరీక్ష కూడా చేశారా అని పేరు పెట్టి అడగండి. వైరస్ ఉందని తేలితే దానికి మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలు కీమో అయిపోయిన రోజే ఆపేయకూడదు. రిటుక్సిమాబ్ ముగిశాక కనీసం ఏడాది పాటు కొనసాగిస్తారు.

గుండెకు ఎకో చేశారా? డాక్సోరుబిసిన్ గుండె మీద ప్రభావం చూపగలదు కాబట్టి ముందే చూసుకుంటారు.

పిల్లలు కావాలనుకునే వయసులో ఉంటే వీర్యం గానీ అండాలు గానీ భద్రపరచుకోవడం గురించి ఈరోజే అడగండి. సిగ్గుపడి వదిలేస్తే మొదటి కీమో పడ్డాక ఆ అవకాశం చేజారిపోవచ్చు. వీర్యం భద్రపరచడం ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అండాలకు దాదాపు రెండు వారాలు పట్టొచ్చు కాబట్టి అంత సమయం ఉందా అన్నది డాక్టరే చెప్పాలి. చికిత్స జరుగుతున్నంత కాలం గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి.

మీరు వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు, ఆకు పసర్లు, పొడులు, విటమిన్లు అన్నీ చెప్పండి. "అది మందు కాదులే" అనుకున్నవి కూడా.

2. మందు ఎక్కించే రోజు

పొద్దున తేలికగా తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో వెళ్తే వికారం తగ్గుతుందనుకోవడం పొరపాటు. మొదటిసారి రిటుక్సిమాబ్‌ను చాలా నెమ్మదిగా ఎక్కిస్తారు, కొన్ని గంటలు పడుతుంది. చలి, వణుకు, దురద, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఛాతీ బిగుసుకోవడం లాంటివి ఏమొచ్చినా ఆ క్షణమే నర్సుకు చెప్పండి. ఎక్కించే వేగం తగ్గించి, ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి సర్దుకుంటుంది. తర్వాతి సైకిళ్ళలో ఈ గొడవ బాగా తగ్గుతుంది. ఈ మందు ఎక్కుతుండగా బీపీ పడిపోవచ్చు కాబట్టి ఆ ఉదయం బీపీ మాత్ర వేసుకోవాలో వద్దో ముందు రోజే అడిగి ఉంచుకోండి.

ఇక్కడొక గట్టి హెచ్చరిక. డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ నరం బయటికి లీకయితే చర్మం, కండ దెబ్బతింటాయి. సూది ఉన్న చోట మంట, నొప్పి, వాపు తెలిస్తే "ఓర్చుకుందాం" అనుకోవద్దు. వెంటనే ఆపించండి. చేతి నరాలు సన్నగా ఉంటే పోర్ట్ గానీ పిక్ లైన్ గానీ (పెద్ద నరంలోకి పెట్టి ఉంచే సన్నటి గొట్టాలు) పెట్టించుకోవడం మంచి ప్రత్యామ్నాయం. అది పెట్టాక ఆ వైపు చెయ్యి వాచినా, లైన్ కడిగిన వెంటనే చలితో వణుకు వచ్చినా ఆసుపత్రికి చెప్పాలి.

3. 1 నుంచి 5 రోజులు: వికారం, స్టెరాయిడ్, నీళ్ళు

వాంతుల మాత్రను వాంతి వచ్చాక వేసుకునేవాళ్ళే ఎక్కువ. అది తలకిందుల పని. డాక్టరు ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులు, ఏమీ లేకపోయినా టైముకు వేసుకోండి. వికారం ఒకసారి పట్టుకున్నాక దించడం కష్టం. ఒక మాత్ర పనిచేయకపోతే ఇంకో రకం ఉంటుంది. ఒన్డాన్‌సెట్రాన్‌తో ఆగకపోతే ఒలాంజపిన్, అప్రెపిటెంట్ లాంటివి జత చేస్తారు. వాటిలో ఒలాంజపిన్ మగత తెస్తుంది కాబట్టి రాత్రి పూట ఇస్తారు. "కీమో అంటే వాంతులు తప్పవు" అని ఎవరన్నా నమ్మకండి. ఒక రోజంతా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే ఫోన్ చేయాల్సిందే.

ప్రెడ్నిసోలోన్ పొద్దున్నే, ఏదైనా తిన్న తర్వాత వేసుకోండి. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా కళ్ళు తెరుచుకునే ఉంటారు. ఆకలి ఎక్కువవుతుంది, చిరాకు వస్తుంది, షుగర్ పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఈ 5 రోజులూ తరచుగా చూసుకోవాలి. మాత్రలు ఆగిన మరుసటి రోజు ఒక్కసారిగా నీరసం, దిగులు కమ్ముకోవచ్చు. నాకు ప్రతి సైకిల్లో 6, 7 రోజులు అలాగే ఉండేవి. మొదటిసారి జబ్బు ముదిరిందేమో అని ఏడ్చాను. అది స్టెరాయిడ్ ఆగిన ప్రభావమని నోట్‌బుక్ చూశాకే అర్థమైంది. ఇంట్లో వాళ్ళకు కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

నీళ్ళు బాగా తాగండి, గుండె లేదా కిడ్నీ సమస్య వల్ల పరిమితి పెట్టి ఉంటే తప్ప. మూత్రం ఆపుకోకండి, పడుకునే ముందు తప్పక వెళ్ళండి. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయంలో నిలవ ఉంటే లోపలి గోడను రేపుతుంది. డాక్సోరుబిసిన్ వల్ల ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, కంగారు వద్దు. ఆ తర్వాత కూడా ఎర్రగా వస్తున్నా, మంట, నొప్పి ఉన్నా అది రక్తం కావచ్చు, చెప్పండి.

మొదటి 48 గంటలు మూత్రం, వాంతి, మలంలో మందు కొంత బయటికి వస్తుంది. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. శుభ్రం చేసేవాళ్ళు తొడుగులు వేసుకోవాలి. గర్భిణులు ఆ పని చేయకూడదు. పక్కన కూర్చోవడానికి, పిల్లల్ని దగ్గరికి తీసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

4. మొదటి రోజు నుంచే మలబద్ధకం మీద కన్నేయండి

దీన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. విన్‌క్రిస్టిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, పైగా ఒన్డాన్‌సెట్రాన్ కూడా బిగిస్తుంది. రెండూ కలిస్తే నాలుగో రోజుకు నరకం. లాక్టులోజ్ లాంటి మందు ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే రాయించుకుని, విరేచనం ఆగకముందే మొదలుపెట్టండి. మూడు రోజులు కాకపోతే ఫోన్ చేయండి. కడుపు ఉబ్బి, వాంతులు కూడా అవుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఎనిమా, మలద్వారంలో పెట్టే మాత్రలు సొంతంగా వాడకండి. కౌంట్ తక్కువున్నప్పుడు చిన్న గీత పడినా ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్తుంది. జ్వరం కూడా అటు నుంచి చూడకూడదు.

దీనికి విరుద్ధంగా విరేచనాలు మామూలు కంటే రోజుకు నాలుగు సార్లు ఎక్కువైతే, ఆపే మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగండి.

5. 7 నుంచి 14 రోజులు: జ్వరం చూసుకోవడం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

ఈ రోజుల్లో తెల్లకణాలు, అందులోనూ న్యూట్రోఫిల్స్ బాగా పడిపోతాయి. రిపోర్టులో ఏఎన్‌సీ (న్యూట్రోఫిల్స్ సంఖ్య) అనే అంకె 500 కంటే తక్కువైతే ప్రమాదం చాలా ఎక్కువ. అప్పుడు చీము పట్టకపోవచ్చు, దగ్గు రాకపోవచ్చు, వాపు కనబడకపోవచ్చు. వాటన్నిటికీ తెల్లకణాలే కావాలి కదా. చాలాసార్లు కనిపించే ఒకే ఒక్క సంకేతం జ్వరం.

ఎలా చూడాలి: పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తేడా అనిపించినప్పుడల్లా ఇంకోసారి. వేడివి, చల్లవి తాగాక పావుగంట ఆగి నోట్లో పెట్టి చూడండి. నుదుటి మీద చెయ్యి పెట్టి "ఏం లేదులే" అనడం చూడటం కాదు. అంకెను నోట్‌బుక్‌లో రాయండి.

ఏం చేయాలి: 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ చేరితే అప్పుడే ఫోన్ చేసి బయలుదేరండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే "లింఫోమాకు కీమో తీసుకుంటున్నాను, ఇది 10వ రోజు, జ్వరం ఉంది" అని మొదటి వాక్యంగా చెప్పండి. వరుసలో కూర్చోబెట్టినా మళ్ళీ చెప్పండి. ఇలాంటి జ్వరానికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలన్నది నియమం.

చేయకూడనిది: ముందే పారాసెటమాల్ వేసుకోవడం. జ్వరం దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఒళ్ళు నొప్పులకు వేసుకోవాలన్నా ముందు థర్మామీటరు పెట్టి, అంకె రాసి, డాక్టరును అడిగాకే. అలాగే మిగిలిపోయిన యాంటీబయాటిక్‌ను సొంతంగా వేసుకోవడం కూడా తప్పే.

జ్వరం లేకపోయినా చలితో వణుకు, కొత్తగా ఆయాసం, పొంతన లేకుండా మాట్లాడటం, కళ్ళు తిరగడం ఉంటే అదే తొందర. స్టెరాయిడ్ తీసుకునే రోజుల్లో జ్వరం పైకి కనబడకపోవచ్చు.

కౌంట్ పెంచే ఇంజెక్షన్లు, ఫిల్‌గ్రాస్టిమ్ లాంటివి, ఇస్తే కీమో అయిన 24 గంటల తర్వాతే తీసుకోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు వీలవుతుందని అదే రోజు వేయించుకోకండి. నడుము, తుంటి, తొడల ఎముకలు నొప్పి పెడతాయి, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి అడగకుండా వేసుకోవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తస్రావం కావచ్చు.

ఈ వారంలో చేతులు కడుక్కోవడమే అసలు కవచం. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు మీ దగ్గరికి రాకూడదు. మొహమాటం లేకుండా చెప్పండి. నాకు అందులోనే ఎక్కువ కష్టమనిపించింది. చివరికి ఆ మాట నా తరఫున చెప్పే పని మా చెల్లికి అప్పజెప్పాను.

6. నోరు

రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించండి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావు టీస్పూను వంట సోడా, దానిలో సగం ఉప్పు. బేకింగ్ పౌడర్ కాదు, వంట సోడానే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంట పుట్టిస్తుంది, మానేయండి. రోజుకోసారి టార్చితో నాలుక కింద, బుగ్గల లోపల చూసుకోండి. తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు ఉంది. మింగలేనంత నొప్పి ఉంటే ఓర్చుకోవద్దు, తిండి ఆగిపోతే మిగతావన్నీ దెబ్బతింటాయి.

7. తిండి, నీరసం

కొంచెం కొంచెం, ఎక్కువసార్లు తినండి. వాసన పడకపోతే చల్లారాక తినండి. నోరు లోహం రుచిగా ఉంటే స్టీలు చెంచా పక్కన పెట్టి ప్లాస్టిక్‌దో చెక్కదో వాడండి. ఉడకని మాంసం, పచ్చి గుడ్డు, కాచని పాలు, బయట చాలాసేపు పెట్టినవి వద్దు. శుభ్రంగా కడిగిన పండ్లు మానేయక్కర్లేదు. తాజా పండ్లు, కూరలు పూర్తిగా మానే పథ్యం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. గ్రేప్‌ఫ్రూట్ కొన్ని మందులతో పడదు, మీ మందులతో ఎలాగో అడగండి.

నీరసానికి పూర్తి విశ్రాంతి మందు అనుకుంటాం, నిజానికి పడుకున్నకొద్దీ పెరుగుతుంది. పది నిమిషాలు నడవండి. అది కూడా కాని రోజున మంచం మీంచి కుర్చీకి మారండి, అదీ లెక్కే.

8. చేతివేళ్ళు, ఊపిరి

విన్‌క్రిస్టిన్ వల్ల వేళ్ళ చివర తిమ్మిర్లు వస్తాయి. ప్రతి సైకిల్‌కు ముందు చొక్కా గుండీలు పెట్టుకుని చూడండి. పోయినసారి కంటే ఎక్కువసేపు పట్టినా, నడిచేటప్పుడు పాదం ఈడ్చుకుపోతున్నా చెప్పండి, డోసు తగ్గిస్తారు. దాచిపెడితే తిమ్మిరి శాశ్వతం కావచ్చు. "చెబితే కీమో ఆపేస్తారేమో" అన్న భయంతో చాలామంది దాస్తారు. దయచేసి అలా చేయకండి.

ఏబీవీడీ తీసుకునేవాళ్ళు ఊపిరి చూసుకోవాలి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను గట్టిపరచగలదు. కొత్తగా పొడి దగ్గు వచ్చినా, ఎప్పుడూ ఎక్కే మెట్లకు ఆయాసం వచ్చినా తర్వాతి డోసుకు ముందే చెప్పాలి. పొగ తాగడం పూర్తిగా మానాలి. తర్వాతెప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు "నేను బ్లియోమైసిన్ తీసుకున్నాను" అని చెప్పడం మరవొద్దు.

9. 15 నుంచి 21 రోజులు

ఒళ్ళు తేరుకుంటుంది. పనులు, కలవాలనుకున్న మనుషులు, బయటి తిరుగుడు ఈ వారానికి పెట్టుకోండి. జుట్టు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు రాలుతుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే గుత్తులుగా రాలడం చూసే బాధ తగ్గుతుంది. చికిత్స ముగిశాక మళ్ళీ వస్తుంది.

తర్వాతి కీమోకు ముందు రక్త పరీక్ష ఉంటుంది. కౌంట్ రాక వారం వాయిదా పడితే చికిత్స పాడైపోయినట్టు కాదు. ఏబీవీడీలో మాత్రం న్యూట్రోఫిల్స్ తక్కువున్నా డాక్టర్లు చాలాసార్లు ఆపకుండా ఇస్తారు. పొరపాటు చేస్తున్నారేమో అని కంగారుపడకండి, కారణం అడగండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బాగున్నాం కదా అని నివారణ మాత్రలు ఆపేయడం. కోట్రైమోక్సజోల్, అసైక్లోవిర్ లాంటివి జబ్బు రాకుండా ఇచ్చేవి, బాగున్నప్పుడే వేసుకోవాలి.

బిళ్ళగన్నేరు ఆకు పసరు తాగడం. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఆ మొక్క నుంచే వచ్చాయన్నది నిజం. శుద్ధి చేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకి ఇస్తేనే అది మందు. ఆకు విషం. కీమోతో పాటు ఏ పసరైనా కాలేయం మీద అదనపు భారమే.

టీకాలు అడగకుండా వేయించుకోవడం. సజీవ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) ఈ సమయంలో ప్రమాదం.

హాడ్జ్కిన్ ఉన్నవాళ్ళు రక్తం ఎక్కించుకోవాల్సి వస్తే, రేడియేషన్ పెట్టిన (ఇర్రేడియేటెడ్) రక్తం ఇస్తున్నారా అని అడగకపోవడం.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

మెడలో గడ్డ కరిగిందా అని రోజూ నొక్కి చూసుకోకండి. మంచి సంకేతాలు వేరే ఉన్నాయి. రాత్రి చెమటలు, కారణం లేని జ్వరాలు ఆగడం, బరువు నిలబడటం లాంటివి. అసలు తీర్పు పెట్ స్కాన్‌ది, అంటే జబ్బు చురుగ్గా ఉన్న చోటు వెలుగుతూ కనిపించే స్కాన్‌ది. చాలాచోట్ల మధ్యలో ఒకసారి, చివర ఒకసారి చేస్తారు. రిపోర్టులో డోవిల్ స్కోరు అని 1 నుంచి 5 వరకు ఉంటుంది. 1, 2, 3 వస్తే సాధారణంగా మందు బాగా పనిచేసినట్టు. 4, 5 వస్తే ఇంకా పరీక్షలు, కొన్నిసార్లు మందు మార్పు. స్కాన్‌లో గడ్డ కొంత మిగిలి కనిపించినా వెలగకపోతే అది మచ్చ కావచ్చు. కౌంట్ ఇంజెక్షన్ ఇటీవల తీసుకుని ఉంటే ఎముక మజ్జ వెలుగుతుంది, కాబట్టి తేదీ ముందే చెప్పండి. చివరి స్కాన్‌ను కీమో అయిన వెంటనే చేయరు. మామూలుగా 6 నుంచి 8 వారాలు ఆగుతారు. ఆ ఎదురుచూపు కష్టమే, కానీ ముందే తీయిస్తే వాపును జబ్బనుకునే ప్రమాదం ఉంది.

10. చివరి సైకిల్ అయ్యాక

నోట్‌బుక్ పారేయకండి. ఆసుపత్రి నుంచి చికిత్స సారాంశం రాతపూర్వకంగా తీసుకోండి. అందులో మందుల పేర్లు, ఎన్ని సైకిళ్ళు, ముఖ్యంగా డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత పడిందో ఉండాలి. ఆ మందుకు జీవితకాలపు పరిమితి ఉంటుంది. పదేళ్ళ తర్వాత మిమ్మల్ని చూసే కొత్త డాక్టరుకు కూడా ఆ అంకె కావాలి. కాపీ ఒకటి ఇంట్లో, ఫొటో ఒకటి ఫోన్‌లో, ఇంకొకటి మీకు దగ్గరివాళ్ళ దగ్గర పెట్టండి.